రెండు రూపాయల అభ్యంతరం

మా మేనత్త పలాస దగ్గర జీడి పిక్కలు కొడుతుంది. ముప్ఫయ్యేళ్ళు దాటింది ఆ పనిలో చేరి. పిక్క పగిలినప్పుడు చిమ్మే జీడి చేతికి అంటితే చర్మం కాలి నల్లబడుతుంది. తర్వాత పొర ఊడుతుంది. కింద కొత్త చర్మం వచ్చేలోగా మళ్ళీ జీడి అంటుకుంటుంది. చేతులకు బూడిద రాసుకుంటారు, ఆముదం పట్టిస్తారు, అయినా వేళ్ళు మిగలవు. ఆవిడ చెయ్యి పట్టుకుని వెలుతురులో చూస్తే వేళ్ళ కొసలు ఏటి ఒడ్డు గులకరాళ్ళలా నున్నగా ఉంటాయి. గీతలు వెతికినా కనపడవు.

2017లో సెలవులకి వెళ్ళినప్పుడు ఆవిడ వెంట రేషన్ షాపుకి వెళ్ళాను. ఒక్క మనిషి కార్డు, ఐదు కేజీల బియ్యం. ఈ-పోస్ మిషన్ మీద కుడి బొటనవేలు పెట్టింది. పడలేదు. కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టింది. చూపుడువేలు, నడిమివేలు, ఆ తర్వాత ఎడమ చెయ్యి. డీలరు తడిగుడ్డ అందించాడు, వేలిని తనే పట్టుకుని మెల్లగా నొక్కాడు. పది వేళ్ళూ అయిపోయాయి. వెనక లైను పెరుగుతోంది.

"పడ్డం నేదు పిన్నీ. వీఆర్వో గారు ఒచ్చిన్నాడు రా, ఆయన ముద్రేస్తే ఇచ్చేస్తాను" అన్నాడు డీలరు.

ఆయన చెడ్డవాడు కాదు. ఆ ఊరివాడే. ఆయన పుట్టకముందే మా అత్త ఆ ఊరి కోడలుగా వచ్చింది. చిన్నప్పుడు ఆయన్ని చంకనేసుకుని తిప్పిన మనిషి. ఆమె ఎవరో ఆయనకి తెలుసు, లైన్లో ఉన్న నలభై మందికీ తెలుసు.

అత్త సంచి మడుచుకుని, "ఏళ్ళు అరిగిపోనాయి గానీ నానరిగిపోనేదు కదరా బాబూ. ఎదురుగానే ఉన్నాను కదా" అంది.

బియ్యం మూడో రోజున దొరికాయి. వీఆర్వో గారు వచ్చి తన బొటనవేలు పెట్టారు. ఆయన వేలు మెత్తన, ఒక్కసారికే పడింది. అప్పటికి అత్తకి రెండు రోజుల కూలి పోయింది.

నేను ప్రభుత్వ బడిలో పంతుల్ని. ఎన్నికలొస్తే మాకు డ్యూటీ తప్పదు. పోలింగు బూతు అధికారిగా (పీవో) వెళ్ళేముందు ట్రైనింగులో ఛాలెంజ్ ఓటు గురించి చెప్తారు. ఓటు వెయ్యడానికి వచ్చిన మనిషిని చూసి "ఈమె ఆ పేరుగల ఆమె కాదు" అని పార్టీ తరఫు ఏజెంటు అభ్యంతరం చెప్పొచ్చు. కానీ చెప్పాలంటే ముందు రెండు రూపాయలు కట్టాలి. కట్టాక తన మాటకి ఆధారం తనే చూపించాలి. పీవో అక్కడికక్కడే విచారించాలి, అవసరమైతే ఊరివాళ్ళని అడగాలి. అభ్యంతరం నిలబడకపోతే ఆమె ఓటు వేసి ఇంటికి వెళ్తుంది. ఒకవేళ ఆమె పేరు మీద అప్పటికే ఇంకెవరో ఓటు వేసి పోయినా సరే, ఈమెని ఉత్తచేతులతో పంపడానికి వీల్లేదు, టెండర్ బ్యాలెట్ అనే విడి కాగితపు ఓటు ఇవ్వాలి.

ఫోటో ఓటరు కార్డులు 1993లో, ఎన్నికల కమిషనరు శేషన్ గారి హయాంలో మొదలయ్యాయి. ఈనాటికీ కార్డు ఇంట్లో మర్చిపోయి వచ్చినవాళ్ళు వేరే గుర్తింపు పత్రం చూపించి ఓటు వేయొచ్చు. దేశాన్ని ఎవరు పాలించాలో తేల్చే చోట మనిషిని అంత గౌరవంగా నమ్మాం. దొంగ ఓట్ల భయం లేక కాదు, ఆ భయం ఎంతున్నా రుజువు చేసే బరువు అనుమానించేవాడి మీదే పెట్టాం. ఐదు కేజీల బియ్యం దగ్గరికి వచ్చేసరికి అభ్యంతరం చెప్పింది మిషను, రెండు రోజుల కూలి పోగొట్టుకున్నది మా అత్త. గుర్తింపు కార్డుల గురించి ఎవరు ఏ వాదన చేసినా నాకు ముందు ఈ లెక్కే గుర్తొస్తుంది.

దేశానికంతటికీ ఒక గుర్తింపు కార్డు ఉండాలా అని అడిగితే ఉండాలనే నేనంటాను. ఇది మొదటే చెప్పడం మంచిది. ఎందుకంటే వేలిముద్ర కష్టాలు చెప్పేవాళ్ళందరూ కార్డులే వద్దంటారని చాలామంది అనుకుంటారు.

కార్డు లేని కాలం ఎలా ఉండేదో మా నాన్న చెప్పేవాడు. నువ్వెవరివో చెప్పాల్సింది కరణం, మునసబు. వాళ్ళ అరుగు కింద నిలబడి, వాళ్ళకి తీరికైనప్పుడు, వాళ్ళు నోటితో ఏ పేరు పలికితే అదే మన పేరు. ఎవరి భూమి ఎవరిది, ఎవరు ఎవరి కొడుకు, ఎవరు ఊళ్ళో ఉన్నారు, ఎవరు లేరు, అన్నీ వాళ్ళ దస్త్రంలో. 1984లో ఆ పదవుల్ని రద్దు చేసినప్పుడు మా వీధిలో పెద్దవాళ్ళు ఎందుకంత సంతోషపడ్డారో నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు. "ఊరంతా నన్నెరుగుదురు" అన్న మాట చెప్పుకోవడానికి బాగుంటుంది. కానీ ఆ ఊరిలో నిన్ను ఎరగనట్టు నటించే హక్కు కొందరికి మాత్రమే ఉండేది. ఏ కులం వాళ్ళకి ఆ హక్కు ఉండేదో నేను విడిగా చెప్పక్కర్లేదు.

పైగా మా జిల్లా వలస జిల్లా. అత్త కొడుకు హైదరాబాదులో బిల్డింగు పనికి వెళ్ళి పదేళ్ళయింది. అక్కడ వాడిని ఎరిగినవాడు మేస్త్రీ ఒక్కడే. అద్దె గది కావాలన్నా, సిమ్ కావాలన్నా, ఆస్పత్రిలో చేరాలన్నా వాడి జేబులో ఉన్న కార్డే వాడి తరఫున మాట్లాడుతుంది. 2019 ఆగస్టు 9న ఒక రాష్ట్రం రేషన్ కార్డు మీద ఇంకో రాష్ట్రంలో సరుకులు తీసుకునే పద్ధతి మొదలుపెట్టినప్పుడు మొట్టమొదటి జతల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. మా వాడు మా జిల్లా కార్డు మీద హైదరాబాదు షాపులో బియ్యం తెచ్చుకుంటున్నాడు. వాడి వేళ్ళు ఇంకా కుర్రవేళ్ళు, సిమెంటు పని చేస్తున్నా ప్రస్తుతానికి ముద్ర పడుతోంది. ఆధార్ లేకపోతే ఇది జరిగేది కాదు. ఈ మేలుని కాదనడం నాకు చేతకాదు.

దొంగ కార్డుల మాటా నిజమే. ఉమ్మడి రాష్ట్రంలో కుటుంబాల కంటే రేషన్ కార్డులే ఎక్కువని పేపర్లలో తరచూ వచ్చేది. చచ్చిపోయినవాళ్ళ పింఛన్లు ఎవరో తీసుకోవడం, ఉపాధి హామీ మస్టర్లలో పని చెయ్యనివాళ్ళ పేర్లు రాయడం మేము కళ్ళారా చూసినవే.

నాకున్న పేచీ కార్డుతో కాదు. కార్డు పని చెయ్యనప్పుడు ఏం జరుగుతుందన్న దానితో.

దీనికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఒకటి ఉంది, ఎవరూ పెద్దగా తలుచుకోరు. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉపాధి హామీ కూలికీ, పింఛన్లకీ స్మార్ట్ కార్డులు పెట్టింది. వేలిముద్ర పద్ధతే. విజయనగరంతో సహా ఎనిమిది జిల్లాల్లో కొన్ని మండలాలకి ముందు, కొన్నింటికి తర్వాత ఇస్తూ, ఆ తేడా ఏమిటో కార్తీక్ మురళీధరన్, ఆయనతో పాటు ఇంకో ఇద్దరు ఆర్థికవేత్తలు కొలిచారు. కార్డు వచ్చిన మండలాల్లో కూలి తొందరగా చేతికందింది, మధ్యలో మాయమయ్యే డబ్బు తగ్గింది, జనం కూడా ఈ పద్ధతే బాగుందన్నారు. అయితే అప్పుడు ప్రభుత్వం కార్డు రానివాళ్ళకి డబ్బు ఆపలేదు. రెండేళ్ళ తర్వాత కూడా ఆ మండలాల్లో చెల్లింపులు దాదాపు సగమే కార్డు మీద జరిగేవి, మిగతావాళ్ళకి పాత పద్ధతిలోనే ఇచ్చేవారు. అదే ఆర్థికవేత్తలు కొన్నేళ్ళ తర్వాత ఝార్ఖండ్ రేషన్ షాపుల్లో ఆధార్ వేలిముద్రని తప్పనిసరి చేసినప్పుడు ఏం జరిగిందో కొలిచారు. మిషను పెట్టినంత మాత్రాన దొంగతనం తగ్గలేదు. ఆధార్ లింకు కాని నిజమైన కార్డుదారులు మాత్రం సరుకులు పోగొట్టుకున్నారు.

కొలిచినవాళ్ళు వాళ్ళే, వేలిముద్రా అదే. మిషను కాదన్నప్పుడు మనిషికి ఇంకో దారి ఉందా లేదా అన్న దగ్గరే మేలు కీడయింది.

ఆ ఝార్ఖండ్‌లోనే 2017 సెప్టెంబరులో సిమ్‌డేగా జిల్లాలో పదకొండేళ్ళ పాప చనిపోయింది. ఆధార్ లింకు కాలేదని కార్డు తీసేశారు, నెలల తరబడి బియ్యం రాలేదు, పాప ఆకలితో పోయిందని తల్లి చెప్పింది. మలేరియా అని అధికారులన్నారు. కార్డు తీసేశారన్న విషయంలో మాత్రం వివాదం లేదు. ఆ ఏడాదే అక్టోబరు 24న ఆధార్ సంస్థ ఒక సర్క్యులర్ పంపింది, ముద్ర పడలేదనో ఆధార్ లేదనో ఎవరికీ సరుకులు నిరాకరించకూడదు, రిజిస్టరులో రాసుకుని ఇవ్వాలి అని. మంచి సర్క్యులరే. అది వచ్చాక మా ఊరి డీలరుని అడిగాను. ఆయన దాని గురించి వినలేదు. విన్నా ఏం చేస్తాడు? స్టాకు లెక్క మిషనులోనే ఉంటుంది. మిషనులో పడకుండా ఐదు కేజీలు ఇస్తే ఆ ఐదు కేజీలకీ ఆయనే దొంగ అవుతాడు. రాజధానిలో కాగితం మీద ఉన్న దయ షాపు దాకా రావాలంటే, దయ చూపినవాడికి రక్షణ ఉండాలి.

2018 మార్చిలో సుప్రీంకోర్టు ముందు ఆధార్ సంస్థ అధిపతే చూపించిన లెక్క ప్రకారం ప్రభుత్వ సేవల్లో వేలిముద్రో కంటిపాపో సరిపోయింది 88 శాతం. మిగతా 12 శాతంలో దొంగలూ ఉండొచ్చు, నెట్‌వర్కు తప్పులూ ఉండొచ్చు, ఒకే మనిషి మళ్ళీ మళ్ళీ ప్రయత్నించినవీ ఉండొచ్చు. కానీ మా బడిలో పిల్లవాడికి 88 వస్తే చప్పట్లు కొడతాం. నదికి కట్టిన వంతెన నూటికి 88 సార్లు నిలబడుతుందంటే ఎవరినీ దాని మీదికి ఎక్కనివ్వం.

ఇక్కడ కాస్త పక్కకి వెళ్తాను. ఇది నాకు మనసులో గుచ్చుకునే విషయం.

తొంభైల్లో సాక్షరతా ఉద్యమం నడిచినప్పుడు మా అత్త రాత్రి బడికి వెళ్ళింది. పగలంతా పిక్కలు కొట్టి, రాత్రి లాంతరు దగ్గర పలక పట్టుకుని కూర్చునేది. పేరు రాయడం నేర్చుకోవడానికి చాలా రోజులు పట్టింది. మా వైపు చదువు రానివాణ్ణి "ఏలిముద్రగాడు" అంటారు, అది తిట్టు. ఆ తిట్టు నుంచి బయటపడినందుకు ఆవిడకి ఎంత గర్వమో! డ్వాక్రా మీటింగులో రిజిస్టరు చుట్టూ తిరిగి వస్తే ఇంకుప్యాడు పక్కకి నెట్టి పెన్ను అడిగేది. అక్షరాలు పెద్దవిగా, గడి దాటి పక్కవాళ్ళ గడిలోకి వెళ్ళేవి. ఎవరూ ఏమీ అనేవారు కాదు.

ఇరవై ఏళ్ళు తిరక్కుండా ప్రభుత్వమే ఆవిడని మళ్ళీ బొటనవేలు పెట్టమంది. సంతకం చేస్తానంటే ఆ మిషనులో సంతకానికి చోటు లేదు.

వేలిముద్రని ఆధునిక పరిపాలనకి వాడటం మన గడ్డ మీదే మొదలైంది. 1858లో బెంగాల్లో విలియం హెర్షెల్ అనే తెల్లదొర ఒక కాంట్రాక్టరు చేత ఒప్పందం మీద అరచేతి ముద్ర వేయించాడు. 1877లో హుగ్లీలో మేజిస్ట్రేటుగా ఉండి పింఛనుదార్ల చేత, దస్తావేజులు రాయించుకునేవాళ్ళ చేత, జైల్లో ఖైదీల చేత వేలిముద్రలు వేయించాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వచ్చింది. పింఛనుదారూ ఖైదీ ఒకే ఇంకుప్యాడు మీద వేలు అద్దిన రోజులవి. పాలించేవాడికి పాలితుల ముఖాలు గుర్తుండవు, వాళ్ళ మాట మీద నమ్మకం ఉండదు. ఆ రెండు లోటులకీ దొరికిన ఉపాయం ఇది. అది పరాయి ప్రభుత్వం కాబట్టి సరిపెట్టుకోవచ్చు.

గాంధీగారి మొదటి సత్యాగ్రహం కూడా గుర్తింపు పత్రం మీదే. దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్‌లో 1906లో చట్టం తెచ్చారు. భారతీయులందరూ వేలిముద్రలిచ్చి రిజిస్టరు చేయించుకోవాలి, ఆ సర్టిఫికెట్ ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలి, పోలీసు అడిగితే చూపించాలి. సెప్టెంబరు 11న జొహానెస్‌బర్గ్ సభలో దాన్ని ఒప్పుకోబోమని ప్రమాణం చేశారు. ఆ తర్వాతి ముక్కే చాలామంది మర్చిపోతారు. చట్టంతో బలవంతం చెయ్యకపోతే స్వచ్ఛందంగా నమోదు చేసుకుంటామని 1908 జనవరిలో ఒప్పందం కుదిరింది. ఆ మాట ప్రకారం ఫిబ్రవరి 10న నమోదుకి వెళ్తుంటే గాంధీగారిని తోటి భారతీయులే కొట్టారు, వేలిముద్రలకి ఒప్పుకున్నాడని. ఆయన మంచం మీద పడుకునే, కాగితాలు తెప్పించుకుని ముద్రలు వేశారు. ప్రభుత్వం చట్టాన్ని వెనక్కి తీసుకోకపోయేసరికి అదే ఏడాది ఆగస్టు 16న హమీదియా మసీదు ఆవరణలో రెండు వేలకి పైగా సర్టిఫికెట్లని తగలబెట్టించారు. ఇష్టంగా ఇచ్చిన వేలిముద్ర ఆయనకి తప్పుగా తోచలేదు. నువ్వు ముందు అనుమానితుడివి, ఆ తర్వాతే మనిషివి అనే చట్టం కింద ఇచ్చేది తప్పనిపించింది. మా అత్త విషయంలో నేను చెప్పేదీ అదే.

మన ఆధార్ కథ అందుకు తిరగబడి నడిచింది. 2009 జనవరిలో సంస్థ పెట్టారు. 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్ర నందుర్‌బార్ జిల్లా టెంభ్లీలో మొదటి నంబరు ఇచ్చారు. చట్టం వచ్చింది 2016లో. ఆరేళ్ళు కోట్ల మంది కళ్ళూ వేళ్ళూ చట్టం లేకుండానే తీసుకున్నారు. మొదట్లో ఇష్టమైతే తీసుకోండి అన్నారు. ఆధార్ లేదని ఎవరికీ నష్టం జరగకూడదని 2013 సెప్టెంబరు 23నే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత గ్యాసుకి, బ్యాంకుకి, సిమ్ముకి, పాన్‌కి ఒక్కొక్కటిగా వచ్చి చేరింది. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి గారు ఎనభయ్యారేళ్ళ వయసులో కోర్టుకెక్కబట్టి 2017 ఆగస్టు 24న గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిది మంది జడ్జీలు తేల్చారు. మరుసటి ఏడాది సెప్టెంబరు 26న ఐదుగురి ధర్మాసనం ఆధార్‌ని నలుగురు ఒప్పుకుంటూ, ఒకరు విభేదిస్తూ తీర్పిచ్చింది. బ్యాంకు ఖాతాకీ సిమ్ముకీ తప్పనిసరి కాదన్నారు. సంక్షేమ పథకాలకి మాత్రం తప్పనిసరి ఉంచారు.

ఆ తీర్పు వచ్చిన సాయంత్రం మా స్టాఫు రూములో అందరూ హమ్మయ్య అనుకున్నారు. నా ఫోను, నా బ్యాంకు బయటపడ్డాయి. మా అత్త బియ్యం బయటపడలేదు. డబ్బున్నవాడికి ఊరట, సంచి పట్టుకున్నవాడికి షరతు. నేను గౌరవించే కోర్టే అది. అయినా ఆ పంపకం న్యాయంగా ఉందని నాకు ఇప్పటికీ అనిపించదు.

వేలు పడకపోవడం ఒక్కటే ఇబ్బంది కాదు. పడకూడని చోట పడటం కూడా ఉంది. 2018లో తెలంగాణలో పెద్దపల్లి జిల్లా సిమ్ కార్డుల డీలరొకడు పట్టుబడ్డాడు. వాడు చేసిన పని చూడండి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో భూముల దస్తావేజులు అందరికీ కనపడేవి. వాటి మీద అమ్మినవాళ్ళ, కొన్నవాళ్ళ వేలిముద్రలుంటాయి. వాటిని దించుకుని, రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో పాలిమర్ వేళ్ళు చేసి, వేల సిమ్ములు ఆన్ చేశాడు. మన తాతలు పొలం అమ్ముకున్నప్పుడు వేసిన ముద్ర మన ప్రాంతంలో ప్రతి ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంటుంది. అది రహస్యంగా దాచుకునే వస్తువు కాదు, పదిమంది ముందు సాక్ష్యంగా వేసేది. అలాంటి దాన్ని బ్యాంకు తాళం చేశాం. మా అత్తకి ఆ తాళం తెరుచుకోదు, దొంగకి తెరుచుకుంది.

పేర్ల గొడవ మన తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా రాసిపెట్టినట్టుంది. మనకి ఇంటిపేరు ముందు వస్తుంది. కొందరు పొడి అక్షరంగా రాస్తారు, కొందరు పూర్తిగా రాస్తారు, పాన్‌లో అది చివరికి పోతుంది. ఆడవాళ్ళకి పెళ్ళయ్యాక మారుతుంది, కొన్నిచోట్ల మారదు. ఇంగ్లీషులో లక్ష్మి అని రాయడానికి ఒకరు కె-ఎస్-హెచ్ వాడతారు, ఇంకొకరు ఎక్స్ వాడతారు. మనిషికి ఇద్దరూ ఒకే లక్ష్మి, మిషనుకి ఇద్దరు వేరు వేరు మనుషులు. నా పాన్‌నీ ఆధార్‌నీ కలపడానికే నాకు రెండు నెలలు పట్టింది, వెయ్యి రూపాయలు అపరాధ రుసుమూ కట్టాను. ఇంగ్లీషు చదవగలిగిన ఉద్యోగస్థుడిని నేను.

తేదీల సంగతీ అంతే. మా అత్త ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1. ఆ వీధిలో ఆమె ఈడువాళ్ళలో చాలామందిదీ అదే తేదీ. తేదీ తెలియనివాళ్ళకి వయసు అంచనా వేసి ఏడాది రాస్తే, మిగతాది ఆ పద్ధతే నింపేసింది. దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు పెళ్ళయింది అంటుంది అత్త. అంటే 1977. పెళ్ళినాటి వయసు కలిపి చూస్తే కార్డులో వయసు మూడేళ్ళు తక్కువ పడింది. వితంతు పింఛను కాబట్టి వయసుతో పనిపడలేదు. వృద్ధాప్య పింఛనయ్యుంటే మూడేళ్ళు పోయేవి.

అందుకే పౌరసత్వ కార్డు అన్న మాట వినపడితే నాకు భయం వేస్తుంది. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని దాని చట్టంలోనే ఉంది. ఇక్కడ నివసించే ఎవరికైనా ఇచ్చే నంబరది. పౌరులకి జాతీయ గుర్తింపు కార్డు ఇచ్చే అధికారాన్ని మాత్రం 2003లో పౌరసత్వ చట్టానికి చేసిన సవరణ ప్రభుత్వానికి ఎప్పుడో ఇచ్చేసింది. అది ఇంకా అమలు కాలేదు. అమలైతే ముందు మనం పౌరులమని నిరూపించుకోవాలి. అస్సాంలో ఆ పని చేసి చూశారు. 2019 ఆగస్టు 31న వచ్చిన జాబితాలో 19,06,657 మందికి చోటు దొరకలేదు. వాళ్ళలో తాతల నాటి కాగితం వరదలో పోగొట్టుకున్నవాళ్ళున్నారు, పేరులో ఒక అక్షరం తేడా వచ్చినవాళ్ళున్నారు. 2025లో బీహారు ఓటర్ల జాబితా సవరణ అప్పుడు ఆధార్‌ని పన్నెండో పత్రంగా తీసుకోమని సెప్టెంబరు 8న సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. దేశంలో దాదాపు ప్రతివాడి దగ్గరా ఉన్న కార్డు మొదటి జాబితాలోనే లేదు!

మా అత్త దగ్గర పుట్టిన సర్టిఫికెట్ లేదు. బడికి వెళ్ళలేదు కాబట్టి టీసీ లేదు. భూమి లేదు కాబట్టి పాసుపుస్తకం లేదు. కాగితాలు ఆస్తి ఉన్నవాళ్ళ వెనకే వస్తాయి. "నువ్వు ఈ దేశపు మనిషివని నిరూపించు" అని ఆవిడని అడిగే కార్డుకి నేను ఒప్పుకోను. "ఈమె మా దేశపు మనిషి కాదని మాకు అనుమానం, ఇదిగో మా ఆధారం" అని ప్రభుత్వమే రెండు రూపాయలు కట్టి నిలబడితే అప్పుడు వింటాను.

ఇది జరగని పనేమీ కాదు. జర్మనీలో గుర్తింపు కార్డో పాస్‌పోర్టో ఉండటం తప్పనిసరే. కానీ కార్డు మారినప్పుడల్లా దాని నంబరు మారుతుంది, ఆ నంబరుతో మనిషి వివరాలన్నీ ఒకచోట కలపడానికి వీల్లేదు. నాజీల కాలపు చేదు జ్ఞాపకం ఉన్న దేశం రాసుకున్న నియమం అది. ఎస్తోనియాలో తన వివరాలు ఏ అధికారి ఎప్పుడు తెరిచి చూశాడో పౌరుడు ఇంట్లో కూర్చుని చూసుకోగలడు. బ్రిటన్‌లో యుద్ధం కోసం 1939లో పెట్టిన కార్డుని పదకొండేళ్ళ తర్వాత కూడా పోలీసులు అడుగుతుంటే, కారులో వెళ్తున్న విల్‌కాక్ అనే ఆయన చూపించనన్నాడు, కేసు కోర్టుకెక్కింది. యుద్ధం కోసం చేసిన చట్టాన్ని ఇలా వాడితే చట్టానికి లోబడే మనుషులే చట్టం తప్పేవాళ్ళవుతారని జడ్జీలే హెచ్చరించారు. 1952లో ఆ కార్డుల్ని రద్దు చేశారు. ఏ పని కోసం పెట్టిన కార్డుని ఆ పనికే వాడాలన్న పట్టుదల మనకి ఆధార్ విషయంలో ఎవరికీ లేకపోయింది.

మన దగ్గరా వీఆర్వో ముద్రలాంటి మంచి ఆలోచన పుట్టింది. వేలు పడనివాళ్ళ తరఫున ఒక అధికారి తన వేలు పెట్టి, తన పూచీ మీద సరుకులు ఇప్పించడం. నాకు ఆ పద్ధతి చాలా నచ్చింది. లోపమల్లా ఆయన ఎప్పుడొస్తారో తెలియకపోవడమే. ఆ పూచీ డీలరుకే ఇవ్వండి, ఆయన్ని నమ్మకపోతే పక్కన ఇద్దరు డ్వాక్రా మహిళల సంతకం తీసుకోండి. నెలాఖరుకి ఆ రిజిస్టరు తనిఖీ చెయ్యండి. అనుమానమొస్తే ఇంటికి వెళ్ళి విచారించండి. ముందు బియ్యం ఇచ్చి తర్వాత విచారించండి. తెలంగాణలో రద్దు చేసిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డుల్ని ఇంటింటికీ వెళ్ళి మళ్ళీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇంటికి వెళ్ళి చూడటం రద్దు చెయ్యక ముందు జరగాల్సిన పని.

ఈ మధ్య అత్తకి పింఛను దగ్గర కూడా ఇబ్బంది మొదలైంది. ఒకటో తారీఖున ఇంటికి వచ్చి ఇస్తారు, ఆ కుర్రవాళ్ళు ఓపికగా ఫోనులో ముఖం పట్టి అయినా ప్రయత్నిస్తారు. కానీ ఒక కంటికి శుక్లం ఆపరేషను అయింది, రెండో కంటికి చెయ్యాలి. ఆధార్ సెంటర్లో వేలిముద్రలు కొత్తగా తీయించి అప్‌డేట్ చేయిస్తే మంచిదని ఎవరో చెప్పారట.

మొన్న ఆదివారం ఫోను చేస్తే ఇంట్లోనే ఉంది. ఆ వేళప్పుడు ఎప్పుడూ పనిలో ఉంటుంది. ఒంట్లో బాగోలేదా అని అడిగాను.

"బాగానే ఉన్నాన్రా. పిక్కలకి ఎల్లడం మానీసాను, పదైదు రోజులయింది. ఏళ్ళ మీద తోలు రావాలి కదా. రాత్రి కొబ్బరినూనె రాస్తన్నాను. కుడిచేతిది కాస్త గీతల్లాగ అవుపడతంది. వచ్చే బుధవారం నువ్వు సెలవెట్టి రా, తీసికెల్దువుగాని" అంది.